పంప్ వస్తే కండ పెరిగినట్టేనా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, బరువు 70 కిలోలు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పీజీలో ఉంటాను. ఏడాదిగా జిమ్‌కి వెళ్తున్నాను. సిట్రులిన్, ఆర్జినిన్, కెఫీన్ కలిసిన ప్రీ వర్కవుట్ పౌడర్ మూడు నెలలుగా తాగుతున్నాను. పంప్ (వ్యాయామం చేస్తుంటే కండ ఉబ్బడం) బాగా వస్తోంది కానీ కండ పెరగట్లేదు. రక్తం బాగా పారుతుందని ట్రైనర్ ఒక నీలం మాత్ర ఇస్తే అప్పుడప్పుడు వేసుకుంటున్నాను. ఈమధ్య స్క్వాట్స్ చేసి లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. నాన్నకు 49 ఏళ్లకే స్టెంట్ వేశారు. ఏ బ్రాండ్ వాడితే త్వరగా రిజల్ట్ వస్తుంది?

సమాధానం: బ్రాండ్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నీలం మాత్ర, కళ్లు తిరగడం, నాన్నగారి స్టెంట్, ఈ మూడూ ఒకే ప్రశ్నలో కనిపిస్తే ఏ డాక్టరైనా ముందు వాటి గురించే అడుగుతాడు.

చూడకుండా ఆ మాత్ర ఏదో ఖాయంగా చెప్పలేను. కానీ పంప్ కోసమని జిమ్‌లలో చేతులు మారే వాటిలో సిల్డెనాఫిల్, టడలాఫిల్ ఉంటున్నాయి. అంగస్తంభన సమస్యకు, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీకి డాక్టర్ చీటీ మీద ఇచ్చే మందులవి. రక్తనాళాలను వదులు చేస్తాయి కాబట్టి బీపీ తగ్గుతుంది. మీ పౌడర్‌లోని సిట్రులిన్, ఆర్జినిన్ కూడా నైట్రిక్ ఆక్సైడ్ ద్వారా దాదాపు అదే దారిలో పనిచేస్తాయి, పైగా కెఫీన్ గుండెను పరుగెత్తిస్తుంది, ఇవన్నీ ఒంట్లో ఉండగా బరువెత్తి ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరగడంలో వింత లేదు. ఊపిరి బిగబట్టి ఎత్తినా అలా కావచ్చు. కానీ ఆ వయసుకే గుండె జబ్బు వచ్చిన తండ్రి ఉన్నప్పుడు పరీక్ష చేయకుండా 'ఏం కాదులే' అని నేను అనను, మీరూ అనుకోవద్దు.

నన్ను ఎక్కువ భయపెడుతున్నది ఇంకొకటి ఉంది. స్టెంట్ వేసిన ఇళ్లలో నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ అనే నైట్రేట్ రకం మాత్ర తరచూ అల్మారాలోనో జేబులోనో ఉంటుంది. ఊరెళ్లినప్పుడు మీకు ఛాతీలో నొప్పి వస్తే అమ్మ చేసే మొదటి పని అది తెచ్చి మీ నోట్లో పెట్టడమే. సిల్డెనాఫిల్ వేసుకున్న మనిషికి అది పడితే బీపీ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోవచ్చు. సిల్డెనాఫిల్ వేసుకున్నాక కనీసం 24 గంటలు, టడలాఫిల్ అయితే 48 గంటల దాకా అలాంటి మందు ఇవ్వకూడదు. క్యాజువాలిటీలో డాక్టర్ అడిగితే సిగ్గుపడి దాచకండి. నైట్రేట్ ఎక్కించాలా వద్దా అన్నది మీరు చెప్పే ఆ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంటుంది.

ట్రైనర్ మంచివాడే కావచ్చు, మీ బాగు కోరే ఇచ్చి ఉండొచ్చు. కానీ మీ బీపీ చూశాడా? మీ నాన్నగారి సంగతి అడిగాడా? చదువుకున్నవారు, పేరు కూడా తెలియని మాత్ర ఎలా మింగారండీ? రేపు ఇంజెక్షన్ అంటే అసలే ఒప్పుకోకండి. జిమ్‌లలో దుర్వినియోగం అవుతున్న మెఫెంటర్మిన్, ఆపరేషన్ థియేటర్లో బీపీ పడిపోయినప్పుడు అనస్థీషియా డాక్టర్ మానిటర్ చూస్తూ ఇచ్చే మందు.

ఇక మీరడిగింది. పంప్ అంటే కండరంలోకి రక్తం, నీరు ఎక్కువగా చేరడం, కాసేపటికి దిగిపోతుంది. ఆర్జినిన్ మింగితే చాలావరకు పేగుల్లో, కాలేయంలోనే విరిగిపోతుంది, సిట్రులిన్ కొంచెం నయం. 6 నుంచి 8 గ్రాముల సిట్రులిన్ మాలేట్‌తో బరువును మరికొన్ని సార్లు ఎక్కువ ఎత్తగలిగారని కొన్ని అధ్యయనాలు చెప్పాయి, కొన్నింటిలో ఆ తేడా కనబడలేదు. దానివల్లే కండ పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. గుండెపోటు వచ్చిన వారికి ఆర్జినిన్ ఇచ్చి చూసిన ఒక అమెరికా అధ్యయనాన్ని, అది తీసుకున్నవారిలో ఆరుగురు చనిపోవడంతో మధ్యలోనే ఆపేశారు, 2006లో ఆ వివరాలు ప్రచురించారు. మీకు అదే జరుగుతుందని కాదు, కానీ 'సహజమైనదే కదా' అని నాన్నగారికి మాత్రం ఆ పౌడర్ కలిపి ఇవ్వకండి.

కండ పెరగాలంటే ఎత్తే బరువు మెల్లగా పెరగాలి, నిద్ర ఉండాలి, కిలో బరువుకు సుమారు 1.6 గ్రాముల ప్రొటీన్ అందాలి. మీకు రోజుకు 112 గ్రాములు. పొద్దున నాలుగు ఇడ్లీలు, మధ్యాహ్నం కర్రీ పాయింట్ పప్పు, రాత్రి పీజీలో సాంబారు, పెరుగన్నం, ఇలా గడిచే రోజున అందులో సగం రావడం కూడా కష్టమే. ఆ డబ్బా డబ్బులు గుడ్లు, చికెన్, పనీర్, సోయా మీద పెట్టండి. క్రియాటిన్ అనే సప్లిమెంట్‌కు కొంత మంచి ఆధారం ఉంది, రోజుకు 3 నుంచి 5 గ్రాములు, కాకపోతే కిడ్నీ పరీక్ష చేయించి, డాక్టర్‌తో మాట్లాడాకే.

ప్రస్తుతానికి మాత్ర, పౌడర్ రెండూ ఆపండి, బరువైన స్క్వాట్స్ కూడా. ఈ వారంలోనే ఫిజీషియన్‌ను కలిసి పడుకుని, నిలబడి బీపీ చూపించుకోండి, ఈసీజీ, షుగర్, కొలెస్ట్రాల్ చేయించండి, ఎకో (గుండె స్కాన్) అవసరమా అన్నది ఆయన చెబుతారు. వెళ్లేటప్పుడు పౌడర్ డబ్బా తీసుకెళ్లండి, మాత్రకు స్ట్రిప్ లేకపోతే మాత్రనే కాగితంలో చుట్టి తీసుకెళ్లండి. ఈలోగా ఛాతీలో బరువు, ఆయాసం, స్పృహ తప్పడం లాంటివి ఉంటే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.