మోకాలి చిప్ప నొప్పికి నీ క్యాప్ (మోకాలి తొడుగు) ఎంతకాలం వేసుకోవాలి?

ప్రశ్న: నా వయసు 36. కాలేజీలో లెక్చరర్‌ని. రోజూ మూడో అంతస్తు ఎక్కి దిగాలి. కొన్ని నెలలుగా కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి. మెట్లు దిగేటప్పుడు, ఎక్కువసేపు కూర్చుని లేచేటప్పుడు మరీ బాధ. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. మెడికల్ షాపులో నీ క్యాప్ కొని రాత్రీపగలూ వేసుకుంటున్నా, తీస్తే మళ్లీ నొప్పే. పక్కన బద్దలున్న పెద్ద బ్రేస్ కొనమని తెలిసినవాళ్లు అంటున్నారు. కొనమంటారా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కొనకండి. బద్దలున్న బ్రేస్ ఎక్కువగా ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్ దెబ్బతిన్నవాళ్లకు, కొన్ని ఆపరేషన్ల తర్వాత వాడేది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే మీది పటెల్లోఫీమోరల్ పెయిన్‌లా ఉంది. అంటే చిప్పకూ తొడ ఎముకకూ మధ్య ఒత్తిడి పెరిగి వచ్చే నొప్పి. ఇందులో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. కీళ్లు అరిగిపోయాయని ఎవరన్నా బెదరకండి.

మెట్లు దిగుతుంటే చిప్ప వెనక ఒంటి బరువుకు దాదాపు మూడింతల భారం పడుతుంది. ఆ భారాన్ని కాసుకోవాల్సింది తొడ ముందు కండరం, పిరుదుల పక్క కండరాలు. వాటి పని నీ క్యాప్ చేయలేదు. వెచ్చగా, బిగుతుగా ఉండి కాస్త ధైర్యమిస్తుంది, అంతే. 2019లో అమెరికా ఫిజియోథెరపిస్టులు వెలువరించిన మార్గదర్శకాలైతే ఈ నొప్పికి బ్రేస్‌లు, పట్టీలు రాయవద్దనే చెప్పాయి. నేనంత పట్టుదలగా చెప్పను. ఉన్నదాన్ని పారేయక్కర్లేదు. కాలేజీ మెట్లకు, నడకకు వేసుకోండి. ఇంటికి రాగానే తీసేయండి, రాత్రి అసలు వద్దు. లోపల వేలు దూరేంత వదులుండాలి. మోకాలి వెనక ముడతపడి ఒరుసుకున్నా, పాదం తిమ్మిరెక్కినా అది మీ సైజు కాదు.

అసలు మందు వ్యాయామమే. వెల్లకిలా పడుకుని, ఎడమకాలు మడిచి, కుడికాలు మోకాలు వంచకుండా ఒక అడుగు ఎత్తున లేపి ఐదు సెకన్లు ఆపి దించండి. ఎడమ పక్కకు తిరిగి పడుకుని కుడికాలు పైకెత్తడం రెండోది. చాలామంది దీన్ని వదిలేస్తారు, పిరుదు కండరాలకు అదే కీలకం. ఒక్కోటి పదిసార్ల చొప్పున మొదలుపెట్టి మెల్లగా పెంచండి. చేసేటప్పుడు కొద్దిగా నొప్పి ఉన్నా ఫర్వాలేదు. మర్నాటికి కూడా తగ్గలేదంటే ముందురోజు ఎక్కువ చేశారన్నమాట. ఆరు నుంచి పన్నెండు వారాలు ఓపిక పట్టాలి. ఈలోగా గొంతుక్కూర్చోవడం, నేలమీద బాసింపట్టు తగ్గించండి. వీలైతే కొన్నాళ్లు కింది అంతస్తులో క్లాసులు వేయమని అడగండి.

మోకాలు వాచినా, మడత మధ్యలో పట్టేసినా, నడుస్తుంటే ఒక్కసారిగా కూలినా, ఎర్రబడి జ్వరం వచ్చినా ఎముకల డాక్టర్‌ను వెంటనే కలవండి. ఇవేవీ లేకుంటే, పెద్ద బ్రేస్‌కు పెట్టే డబ్బుతో ఫిజియోథెరపిస్టు దగ్గరకు నాలుగైదుసార్లు వెళ్లి, వ్యాయామాలు సరిగా చేస్తున్నారో లేదో చూపించుకోండి.