సందేహించలేదని నీకెవరు చెప్పారు?

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. దేవుడు అబ్రాహామును కొడుకు ఇస్సాకును బలి ఇమ్మని అడిగి, చివరి క్షణంలో ఆపిన అధ్యాయం కుటుంబ ప్రార్థనలో వచ్చిన రోజున మీ నాన్నగారు ప్రార్థన క్లుప్తంగా ముగించేవారన్న వాక్యం బాగుంది. దాని వెంటనే, "అబ్రాహాము ఒక్క క్షణం కూడా సందేహించలేదు" అని రాసి పారేశావు. అది చూసి ఒళ్ళు మండింది. ఆ సంగతి నీకెవరు చెప్పారు?

బైబిల్లో ఆదికాండం 22వ అధ్యాయం మళ్ళీ తియ్యి. తెల్లవారగానే లేచాడు, గాడిదకు గంత కట్టాడు, కట్టెలు చీల్చాడు. మూడో రోజున ఆ చోటు దూరం నుంచి కనబడింది. కట్టెలు కొడుకు మీద పెట్టి, నిప్పూ కత్తీ తన చేత పట్టుకున్నాడు. చేసిన పనులన్నీ ఉన్నాయి. మనసులో ఏముందో ఒక్క ముక్క లేదు. దేవుడు నాశనం చేయబోయిన సొదొమ పట్టణాన్ని కాపాడాలని 50 మంది నీతిమంతుల దగ్గర మొదలుపెట్టి 10 మంది దాకా దేవుడితో బేరమాడిన మనిషి, సొంత కొడుకు విషయంలో నోరు మెదపలేదు. ఎందుకు? నన్ను ఇన్నేళ్ళుగా వేధిస్తున్న ప్రశ్న ఇది. నీకు కనబడనే లేదు.

కొత్త నిబంధనలో హెబ్రీయులకు రాసిన లేఖ, హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం చూపిస్తావు, తెలుసు. మృతులను సైతం దేవుడు లేపగలడని అబ్రాహాము ఎంచాడని అక్కడ ఉంది. నేనూ నమ్ముతాను. అయితే అలా ఎంచేలోపు ఆ రాత్రులు ఎలా గడిచాయో అక్కడా లేదు. కొండ కింద పనివాళ్ళతో, మొక్కి మళ్ళీ మీ దగ్గరకు వస్తామన్నాడే, అది విశ్వాసమా, వాళ్ళకు అనుమానం రాకుండా అన్న మాటా? రెండూనేమో. నీ వ్యాసం అక్కడ మొదలు కావాలి.

విశ్వాసం గురించి రాసేవాడు దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకోకూడదు. మొండిపట్టు అనుకుంటే అనుకో. ఆస్తీ పిల్లలూ పోయి కుమిలిపోతున్న యోబుకు, అది నీ పాప ఫలితమని చెప్పి అతని స్నేహితులు చేసింది ఆ పనే. యోబు గ్రంథం 42వ అధ్యాయంలో దేవుడి కోపం వాళ్ళ మీదే మండింది. యుక్తంగా పలికింది తనను నిలదీసిన యోబేనట!

ఒకప్పుడు ఇదే రాసి పంపితే ఒక పత్రిక సంపాదకుడు వేసుకున్నాడు. అచ్చులో చూసుకుంటే చివర నేను రాయని పేరా ఒకటి తగిలించి ఉంది: యోబుకు అన్నీ రెట్టింపుగా వచ్చాయి, మనకూ వస్తాయి. గొర్రెలూ ఒంటెలూ రెట్టింపయ్యాయి, సరే. ఇల్లు కూలి చనిపోయిన పిల్లలో? తర్వాత పుట్టిన పదిమంది వేరే పదిమంది. అదే అడిగితే, "పాఠకులకు ఓదార్పు కావాలండీ" అన్నాడు. అప్పటికి మా ఇంట్లో చావు జరిగి ఎంతో కాలం కాలేదు. వచ్చినవాళ్ళంతా దేవుడు అలా ఎందుకు చేశాడో చెప్పి వెళ్ళారు. ఒక్కావిడ మాత్రం ఏమీ చెప్పకుండా వంటింట్లోకి వెళ్ళి అంట్లు తోమి, పొయ్యి గట్టు తుడిచి, పోయేముందు రెండు మాటలు ప్రార్థించింది. ఆవిడ ప్రార్థనకే నా నోట ఆమెన్ వచ్చింది.

ఇప్పుడు ఇంకో ఫ్యాషన్ బయలుదేరింది. కష్టమైన వచనం కనబడితే చాలు, పాతకాలపు మోటుతనమని వెక్కిరించడం. వీళ్ళకూ ఆ సంపాదకుడికీ తేడా ఏమీ లేదు. ఎవరికీ ప్రశ్నతో కాసేపు కూర్చునే ఓపిక లేదు. మార్కు సువార్త 9వ అధ్యాయంలో జబ్బుపడిన కొడుకుని తెచ్చిన తండ్రి, నమ్ముతున్నానంటూనే నా అపనమ్మకానికి సాయం చెయ్యమని కేక పెట్టాడు. ముందు ఆ అపనమ్మకం వదిలించుకుని రమ్మని యేసు అతణ్ణి తిప్పి పంపలేదు. పిల్లవాణ్ణి బాగుచేశాడు. నా విశ్వాసమూ ఆ తండ్రి విశ్వాసం లాంటిదే. దాంతోనే ఇంతకాలం రాశాను.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. తర్వాత చూద్దాం. ముందు మూడో పేజీ మొత్తం కొట్టేయి. 22వ అధ్యాయం 19వ వచనం చూడు: అబ్రాహాము పనివాళ్ళ దగ్గరకు తిరిగి వచ్చాడని ఉంది, ఇస్సాకు పేరు లేదు. దాని గురించి నువ్వు ఒక్క మాటైనా రాయలేదు. రాసి పంపు. కారణం కనిపెట్టి మాత్రం పంపకు.

ఉంటాను.