ఆడపిల్లల కోసం సంస్థ పెట్టబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

గద్వాల ప్రాంతంలో ఆడపిల్లల కోసం సంస్థ పెడుతున్నానని, కుట్టు శిక్షణతో మొదలుపెట్టాలా, అవగాహన సదస్సులతోనా అని అడిగావు. రెండింటికంటే ముందు ఇంటింటికీ వెళ్ళి, పద్దెనిమిదేళ్ళ లోపు ప్రతి ఆడపిల్ల ఏ తరగతిలో ఉందో, చదువులో లేకపోతే ఏ పనిలో ఉందో పేరుపేరునా రిజిస్టరులో రాసుకో. హాజరు పట్టీలో పేరున్నంత మాత్రాన పిల్ల బడికి వెళ్తున్నట్టు కాదు కనుక, పత్తి విత్తనాల చేలలో క్రాసింగ్ పని సాగే రోజుల్లో మళ్ళీ వెళ్ళి చూడు. సాయంత్రం మొగ్గల్లోని కేసరాలు తీసి, మరునాడు పొద్దున పుప్పొడి అద్దే ఆ పనికి ఆడపిల్లలనే కోరుకుంటారు. తల్లిదండ్రులు ఆర్గనైజరు (విత్తన కంపెనీకీ రైతుకూ మధ్యవర్తి) దగ్గర ముందే అడ్వాన్సు తీసుకొని ఉంటే, ఆ అప్పు ఊసెత్తకుండా చదువు గొప్పదనం చెప్పినందువల్ల వారికి కోపమే వస్తుంది.

వేరే బడి మాత్రం పెట్టవద్దు. 1991లో రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికుల మధ్య పని మొదలుపెట్టిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్, శాంతా సిన్హా గారి నాయకత్వంలో, పని మాన్పించిన పిల్లలను శిబిరాల్లో ఉంచి, వయసుకు తగిన తరగతికి సిద్ధం చేసి, ప్రభుత్వ బడిలోనే చేర్చింది. నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి అది.

నీ బలమంతా పద్నాలుగు దాటిన పిల్లల మీద పెట్టు. విద్యాహక్కు చట్టం 14 ఏళ్ళ దగ్గర ఆగిపోతుంది. 2016 సవరణ తర్వాత కూడా బాలకార్మిక చట్టం 14 నుంచి 18 ఏళ్ళ వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టడాన్నే నిషేధిస్తుంది. పదో తరగతి అయ్యాక, జూనియర్ కాలేజీ దూరమై, బస్సు వేళకు రాకపోతే, ఇంట్లో సంబంధాలు చూడటం మొదలవుతుంది. తెలంగాణలో ఆడవారికి ఆర్టీసీ ఉచిత ప్రయాణం 2023 డిసెంబరు నుంచి ఉన్నా, బస్సే రాని ఊరికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఏ ఊరి నుంచి ఎందరు, ఏ వేళకు వెళ్ళాలో నీ రిజిస్టరులోంచి తీసి, అర్జీ రాసి, పిల్లల చేత, వారి తల్లుల చేత సంతకాలు పెట్టించి, డిపో మేనేజరుకు వారి చేతులతోనే ఇప్పించు; నకలు మీద ముద్ర వేయించుకోవడం మరవకు.

పెళ్ళి ఆపవలసి వస్తే పిల్లల సహాయ ఫోన్ నంబరు 1098కు చెప్పు. అధికారులు వెళ్ళిపోయాక ఆ పిల్ల ఆ ఇంట్లోనే బతకాలి కాబట్టి, ఆమె కాలేజీలో కుదురుకునే వరకు ఆ గడప తొక్కడం మానకు. దాతలు ఎంత అడిగినా ఆమె ఫోటో గానీ పేరు గానీ ఇవ్వకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ