ఎన్‌హెచ్ 5 ఎక్కడికి పోయింది?

దారి మాట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జాతీయ రహదారుల (ఎన్‌హెచ్) నంబర్ల గురించే. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బుకింగ్ ఆఫీసు గుమాస్తాగా డ్రైవర్లకు ఫోన్లో దారి చెప్పడం నా పనిలో పెద్ద భాగం. పాత నంబర్లతో కొంతకాలం, కొత్త నంబర్లతో కొంతకాలం చెప్పాను. అందుకే ఈ ఉత్తరాలను పక్కన పెట్టలేక ఈ సంచిక మొత్తం వీటికే ఇస్తున్నాను.

బాబాయ్ గారూ, మాది ఏలూరు దగ్గర పల్లె. మా స్థలం దస్తావేజులో తూర్పు హద్దు "ఎన్‌హెచ్ 5" అని ఉంది. ఫోన్ మ్యాపులో చూస్తే అదే రోడ్డు ఎన్‌హెచ్ 16. మా నాన్నగారు మాత్రం 5 అనే అంటారు. నంబరు ఎందుకు మారింది? మా కాగితానికి ఏమైనా ఇబ్బందా? (ఒక పాఠకురాలు, ఏలూరు)

అమ్మా, ముందు టెన్షన్ తీసేస్తాను. రోడ్డు నంబరు మారితే స్థలం మారదు. సర్వే నంబరు, నాలుగు హద్దులు, కొలతలు చూస్తారు. ఇకముందు ఏదైనా కాగితం రాయించుకునేటప్పుడు "ఎన్‌హెచ్ 16, పాత ఎన్‌హెచ్ 5" అని రెండూ రాయమని దస్తావేజు లేఖరికి చెప్పండి. అది చాలు.

ఇక నంబరు ఎందుకు మారిందంటే, 2010లో కేంద్ర ప్రభుత్వం దేశంలోని జాతీయ రహదారులన్నిటికీ కొత్త నంబర్లు ఇచ్చింది. పాత పద్ధతిలో నంబరు చూసి రోడ్డు దేశంలో ఏ మూల ఉందో చెప్పలేకపోయేవాళ్ళం. మన 5 తూర్పు తీరాన, 7 వారణాసి నుంచి కన్యాకుమారికి, 9 పుణె నుంచి మచిలీపట్నానికి. ఈ మూడింటికీ పక్కపక్క నంబర్లు ఎందుకు వచ్చాయో రోడ్డు మీద తిరిగేవాడికి అర్థమయ్యే వీలు లేదు.

కొత్త పద్ధతికి మాత్రం ఒక లెక్క ఉంది. ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్ళే పెద్ద రోడ్లకు సరి సంఖ్యలు. తూర్పు నుంచి మొదలై పడమటికి వెళ్ళేకొద్దీ ఆ సంఖ్య పెరుగుతుంది. 2 ఈశాన్య రాష్ట్రాల్లో ఉంది. 4 అండమాన్‌లో ఉంది. తూర్పు తీరాన కలకత్తా నుంచి చెన్నైకి మన 16. దేశం మధ్యలో శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి 44. పడమటి తీరాన కొంకణ్, గోవా, కేరళ మీదుగా 66. తూర్పు పడమరల రోడ్లకు బేసి సంఖ్యలు. అవి ఉత్తరాన మొదలై దక్షిణానికి వచ్చేకొద్దీ పెరుగుతాయి. కాశ్మీరులో 1, పుణె, హైదరాబాద్, విజయవాడ, మచిలీపట్నం రోడ్డు 65, కృష్ణపట్నం రేవుకు వచ్చేది 67, ధనుష్కోటి దగ్గర 87.

ఈ లెక్క నాకు చాలా నచ్చింది. ఒక్క 44ను చూడండి. అంతకు ముందు ఆ దారికి ముక్కముక్కకూ ఒక నంబరు చొప్పున ఏడు నంబర్లుండేవి. ఇప్పుడు 3,700 కిలోమీటర్లకు పైగా ఒకే నంబరు. ఆపిల్ లోడుతో కాశ్మీరులో బయలుదేరిన డ్రైవరు నిర్మల్, కామారెడ్డి, కర్నూలు, అనంతపురం దాటి కన్యాకుమారి దాకా అదే 44 మీద పోవచ్చు. దీన్ని తప్పు పట్టేవాళ్ళతో నేను వాదనకు దిగుతాను.

కాకపోతే ఈ దిక్కుల లెక్క రోడ్డు మొత్తానికి వర్తిస్తుంది కానీ మీ ఊరి ముక్కకు కాదు. ఏలూరు నుంచి విజయవాడకు వస్తున్నప్పుడు మీరు పడమటికి వస్తున్నట్టే ఉంటుంది, అయినా నంబరు సరి సంఖ్యే. మీ పొలం గట్టు మీద నిలబడి దిక్కులు చూసి నంబరు తప్పనకండి.

అన్నా, నేను జగిత్యాల దగ్గర లారీ నడుపుత. మా నిజామాబాద్, జగ్దల్‌పూర్ రోడ్డును ముందుగాల ఎన్‌హెచ్ 16 అనేటోళ్ళం. ఇప్పుడు 16 అంటే అందరు విజయవాడ అంటున్నరు. మా రోడ్డు 63 అట. ఇదేం తికమక? (ఒక డ్రైవర్, జగిత్యాల)

తమ్ముడూ, అసలు ఇబ్బంది నువ్వు చెప్పినదే. నంబర్లు మారడం ఒక్కటే అయితే జనం ఏడాదిలో అలవాటు పడేవాళ్ళు. పాత నంబరునే తీసుకెళ్ళి ఇంకో రోడ్డుకు పెట్టడంతో చిక్కు వచ్చింది.

మీ రోడ్డు పాత 16, కొత్త 63. మరి పాత 63 ఏది? అంకోలా, హుబ్బళ్ళి, బళ్ళారి, గుత్తి రోడ్డు. అందులో హుబ్బళ్ళి నుంచి గుత్తి దాకా ఇప్పుడు 67, అంకోలా నుంచి హుబ్బళ్ళి దాకా 52. అంటే జగిత్యాల డ్రైవరు, గుంతకల్లు డ్రైవరు ఒకే ధాబాలో కూర్చుని "63" అంటే, ఒకరు కొత్త రోడ్డును, ఇంకొకరు పాత రోడ్డును చెబుతున్నారన్నమాట. ఇద్దరి మాటా వాళ్ళ లెక్కలో నిజమే.

మిగతావీ ఇంతే. మనం అంతకాలం 5 అన్న నంబరు ఇప్పుడు పంజాబ్‌లోని ఫిరోజ్‌పూర్ నుంచి సిమ్లా మీదుగా టిబెట్ సరిహద్దుకు పోతుంది. 7 ఫాజిల్కా నుంచి బద్రీనాథ్ అవతల మానా దాకా పోతుంది. 9 ఢిల్లీ మీదుగా పిథోరాగఢ్‌కు. చిత్తూరు, పలమనేరు వాళ్ళు బెంగళూరు రోడ్డును 4 అనేవాళ్ళు, ఆ నంబరు సముద్రం దాటి అండమాన్ వెళ్ళింది. కర్నూలు, నంద్యాల, కడప, చిత్తూరు రోడ్డు పాత 18, ఇప్పుడు 40. కొత్త 18 జార్ఖండ్ నుంచి ఒడిశాలోని బాలాసోర్‌కు ఉంది.

నా టేబుల్ మీదికి వచ్చిన ఒక కేసు చెబుతాను. రాయ్‌పూర్ నుంచి ఇనుప రేకుల లోడు జగిత్యాలకు. పార్టీ ఇచ్చిన కాగితంలో "ఎన్‌హెచ్ 16 మీద" అని పాత అలవాటుతో రాసి ఉంది. డ్రైవరు ఛత్తీస్‌గఢ్ కుర్రాడు, ఈ వైపు కొత్త. అతను ఫోన్ మ్యాపులో 16 వెతుక్కుని విజయనగరం వైపు దిగి శ్రీకాకుళం దగ్గర నుంచి నాకు ఫోన్ చేశాడు, "బాబూజీ, జగిత్యాల ఇంకా ఎంత దూరం" అని. అదనపు డీజిల్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలని పార్టీకి, లారీ ఓనరుకు గొడవ. చివరికి కుర్రాడి కిరాయి డబ్బుల్లో కోశారు. అతను చేసిన తప్పేమిటి? కాగితంలో ఉన్న నంబరును నమ్మాడు. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది.

అందుకే నేను గట్టిగా చెప్పేదొకటుంది. లోడు కాగితం మీదగానీ, పెళ్ళి శుభలేఖ మీదగానీ, షాపు బోర్డు మీదగానీ నంబరు ఒక్కటే రాయకండి. "నిజామాబాద్, జగిత్యాల, మంచిర్యాల రోడ్డు, ఎన్‌హెచ్ 63" అని ఊళ్ళు రాసి, తర్వాత నంబరు రాయండి. ఊళ్ళ పేర్లు గెజిట్‌తో అంత తొందరగా మారవు. మా పాత డ్రైవర్లు నంబర్ల జోలికి పోయేవాళ్ళే కాదు. మద్రాసు రోడ్డు, కలకత్తా రోడ్డు, బందరు రోడ్డు, నాగపూర్ రోడ్డు, ఇంతే. వాళ్ళు దారి తప్పడం నేను తక్కువ చూశాను.

హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద మేడ్చల్ వైపు నుంచి వస్తూ విజయవాడ పోదామని 9 అని ఉన్న చోట దిగాం. తీరా చూస్తే ఘట్‌కేసర్. మా మామయ్య "విజయవాడ రోడ్డు అంటే 9 కదా" అన్నారు. తప్పెవరిది? (ఒక పాఠకుడు, మెదక్)

మీ మామయ్య గారు చెప్పింది పాత రోడ్డు నంబరు, మీరు చూసింది ఎగ్జిట్ నంబరు. ఇవి రెండూ వేరు వేరు. ఓఆర్ఆర్ 158 కిలోమీటర్ల వలయం. దాని మీద దిగే చోట్లకు కోకాపేట నుంచి వరసగా నంబర్లు ఇచ్చారు. ఎన్‌హెచ్ నంబర్లతో వీటికి సంబంధమే లేదు. 9లో దిగితే ఘట్‌కేసర్, అంటే వరంగల్ రోడ్డు, ఎన్‌హెచ్ 163. విజయవాడకు 11లో దిగాలి, పెద్ద అంబర్‌పేట, ఎన్‌హెచ్ 65. ఇలాంటిదే ఇంకొకటి ఉంది, జాగ్రత్త. ఎగ్జిట్ 16 శంషాబాద్. అక్కడ దిగితే మీకు దొరికేది బెంగళూరు వెళ్ళే ఎన్‌హెచ్ 44. ఎన్‌హెచ్ 16 కావాలంటే విజయవాడ దాకా రావాలి. అక్కడ బెంజి సర్కిల్ దగ్గర 65, 16 కలుస్తాయి.

బండి నడిపేవాళ్ళు ఒక్క క్షణంలో చదివే బోర్డు మీద అంకె కంటే ఊరి పేరు పెద్దగా ఉండాలని నా అభిప్రాయం. మామయ్య గారిని ఏమీ అనకండి.

ఖమ్మంలో ఉంటాం. మా చుట్టుపక్కల 365 బీబీ, 365 బీజీ అని బోర్డులు. ఈ అక్షరాలేంటి? పరీక్షలో అడిగితే ఏం రాయాలి? (డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం)

మూడంకెల నంబరులో చివరి రెండు అంకెలు తల్లి రోడ్డువి, మొదటి అంకె పిల్ల రోడ్డుది. 565 అంటే 65కు పిల్ల. నకిరేకల్ దగ్గర 65 నుంచి విడిపోయి నల్గొండ, మాచర్ల మీదుగా దక్షిణానికి పోతుంది. 216 అంటే 16కు పిల్ల. కత్తిపూడి దగ్గర విడిపోయి కాకినాడ, అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం, బాపట్ల, చీరాల చుట్టి ఒంగోలులో మళ్ళీ 16ను కలుస్తుంది. ఇది ఎంత చక్కగా ఉందో చూడమ్మా. ఇంతకు ముందు ఇదే తీరపు దారికి 214 అని ఒక ముక్క, 214 ఏ అని ఇంకో ముక్క ఉండేవి. ఆ నంబర్లు చూసి అది 5 నుంచి పుట్టిందని ఎవరికీ తెలిసేది కాదు.

అయితే ముందు పెట్టడానికి ఉన్నవి 1 నుంచి 9 దాకా తొమ్మిది అంకెలే. పిల్ల రోడ్లు అంతకంటే ఎక్కువయ్యాయి. అప్పుడు వెనక ఏ, బీ, సీ, డీ వచ్చాయి. అవీ చాలక రెండేసి అక్షరాలు. మీ 365 బీబీ సూర్యాపేట, ఖమ్మం, అశ్వారావుపేట రోడ్డు. 365 బీజీ ఖమ్మం నుంచి దేవరపల్లి వైపు వేసిన కొత్త రోడ్డు. పరీక్షకు ఇంత చాలు.

కానీ పరీక్ష బయట నాకు దీని మీద అభ్యంతరం ఉంది. ఫోన్లో బీ, డీ, జీ ఒకేలా వినిపిస్తాయి. లారీ ఇంజను చప్పుడులో అసలు తేడా తెలియదు. ఖమ్మంలాంటి చోట రెండు పెద్ద రోడ్లకు చివరి అక్షరం ఒక్కటే తేడాగా పెట్టడం బండి నడిపేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని చేసిన పని కాదు. ఇంకొకటి చూడు. అనంతపురం నుంచి తాడిపత్రి, గిద్దలూరు, వినుకొండ మీదుగా గుంటూరుకు వచ్చే రోడ్డు 544 డీ. పేరు చూస్తే 544కు తోబుట్టువు అనిపిస్తుంది. ఆ 544 ఎక్కడుంది? సేలం, కోయంబత్తూరు, కొచ్చి రోడ్డు. రెండింటికీ ఎక్కడా కలయిక లేదు. తల్లి మాత్రం ఒకటే, 44. అనంతపురం, సేలం రెండూ ఆ రోడ్డు మీదివే. అంతవరకే చుట్టరికం.

హైవే బోర్డుల మీద ఏహెచ్ 45 అని కూడా చూశాను. ఇది ఇంకో కొత్త నంబరా? (నెల్లూరు)

కాదు. అది ఆసియా దేశాలు కలిసి గుర్తించిన రహదారుల నంబరు. మన 16 మీద పోయే ఆ దారి ఏహెచ్ 45, హైదరాబాద్, బెంగళూరు మీదుగా 44 వెంట పోయేది ఏహెచ్ 43. దారి అడిగేటప్పుడు దీన్ని వదిలేయండి.

కిలోమీటరు రాళ్ళకు రంగులెందుకు? (మహబూబ్‌నగర్)

పైన పసుపు ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి, నారింజ ఉంటే గ్రామీణ సడక్ యోజన రోడ్డు.

మా ఆయన రాత్రిళ్ళు కారు నడుపుతారు. హైవే మీద ఏదైనా జరిగితే ఎక్కడున్నామో ఎలా చెప్పాలి? మ్యాపు ఒక నంబరు, బోర్డు ఇంకో నంబరు చూపిస్తే? (ఒక గృహిణి, రాజమండ్రి)

అమ్మా, జాతీయ రహదారుల మీద సాయానికి 1033 నంబరు ఉంది. రాత్రీ పగలూ పలుకుతుంది. ఫోన్ ఎత్తగానే రోడ్డు నంబరుతో మొదలుపెట్టవద్దని ఆయనకు చెప్పండి. ముందు ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోతున్నారో చెప్పాలి. తర్వాత ఇప్పుడే దాటిన ఊరు గానీ టోల్ ప్లాజా గానీ. ఆ తర్వాత పక్కన కనబడే రాయి మీది కిలోమీటరు అంకె. కిలోమీటరుకు కిలోమీటరుకు మధ్య 200 మీటర్లకు ఒకటి చొప్పున చిన్న రాళ్ళు ఉంటాయి, దిగి నాలుగడుగులు వేస్తే ఒకటి దొరుకుతుంది. వీటి తర్వాతే రోడ్డు నంబరు.

నాలుగు లేన్ల రోడ్డు మీద ఏ వైపు ఉన్నారన్నది అన్నిటికంటే ముఖ్యం. "తుని దాటాం, విశాఖపట్నం వైపు పోయే పక్క" అని చెబితే అంబులెన్సు సరైన వైపు నుంచే వస్తుంది. ఆ మాట చెప్పకపోతే అవతలి పక్కకు వచ్చి, మళ్ళీ యూ టర్న్ దొరికేదాకా పోయి తిరిగి రావాలి. ఇదంతా ఒక చీటీ మీద రాసి డ్యాష్‌బోర్డు మీద అంటించండి. కారులో ఆయన పక్కన ఎవరున్నా చదివి చెప్పగలగాలి కదా.