శివరాత్రి జాగారంతో యోగసాధకుడికి ఒరిగేదేమిటి?

"అతిగా మేలుకునేవాడికి యోగం కుదరదని గీతలోనే ఉంది కదా, మరి శివరాత్రి జాగారం యోగా చేసేవాళ్లకు ఎందుకు?" అని అడిగారు.

ఆ మాట ఆరో అధ్యాయంలో ఉంది. బొత్తిగా తినకుండా ఉండేవాడికీ కుదరదని అదే శ్లోకం అంటుంది. నేను దాన్ని దెబ్బ తిన్నాకే చదివాను.

మాది తాడిపత్రి. చిన్నప్పుడు జాగారమంటే సినిమాహాలే. వరుసగా ఆటలు చూసి, తెల్లవారి వచ్చి పడుకునేవాళ్లం. యోగా మొదలుపెట్టాక పౌరుషం పెరిగింది. ఆ ఏడు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా బుగ్గ రామలింగేశ్వరుడి గుడిలో కూర్చుని, నిద్ర వచ్చినప్పుడల్లా భస్త్రిక (కొలిమితిత్తిలా ఊపిరిని వేగంగా పీల్చి వదిలే ప్రాణాయామం) చేశాను. రెండో జాము (జాము అంటే మూడు గంటలు) దాటకముందే కళ్లు తిరిగి స్తంభం పట్టుకున్నాను. పక్కనున్న పెద్దాయన "ఎవరితో పందెం కాశావు నాయనా?" అంటూ అరటిపండు చేతిలో పెట్టాడు.

యోగసూత్రాలు రాసిన పతంజలి చిత్తవృత్తులు, అంటే మనసు కదలికలు, ఐదు అని చెప్పి, ప్రమాణం (సరైన జ్ఞానం), విపర్యయం (పొరపాటు జ్ఞానం), వికల్పం (మాటల మీదే నిలిచే ఊహ), స్మృతి (జ్ఞాపకం) అనే వాటి సరసనే నిద్రను చేర్చాడు. అంటే ఆలోచన లాగే నిద్ర కూడా మనసులో లేచే ఒక అల. రోజూ అది ఎప్పుడు ముంచిందో మనకు తెలియదు. జాగారం రాత్రి దాన్ని గుమ్మంలోనే చూడవచ్చు. నాకైతే అర్ధరాత్రి లింగోద్భవ పూజ అయిపోయి, జనం పల్చబడ్డ మూడో జాములో కనబడుతుంది. మెడ కొద్దిగా వాలుతుంది, ఊపిరి బరువెక్కుతుంది, జపంలో ఒక అక్షరం జారి దాని చోట సంబంధం లేని మాటేదో వచ్చి కూర్చుంటుంది. అదిగో, అప్పుడు చూడాలి. చూస్తే చాలాసార్లు వెనక్కి తగ్గుతుంది, కొన్నిసార్లు నన్నే మింగేస్తుంది. మేలుకోవడం కన్నా ఈ చూడటమే ఆ రాత్రి సాధన అని నా అభిప్రాయం. టీ తాగి, కబుర్లతో నిద్రను తరిమేస్తే చూడటానికి ఏమీ మిగలదు.

వెన్నెముక నిటారుగా పెడితే ఆ రాత్రి శక్తి దానంతటదే పైకి లేస్తుందని కొందరు చెబుతారు. నాకలాంటిదేమీ జరగలేదు. నిటారుగా ఉంటే తూలగానే తెలిసిపోతుంది, గోడకు ఆనుకుంటే తెలియదు. నాకు తెలిసిన లాభం అదే.

ఇప్పుడు పగలు పండ్లు, పాలు, సాయంత్రం ఉడికించిన గెణుసుగడ్డ తింటాను. కుంభకం లేకుండా, అంటే ఊపిరి బిగబట్టకుండా, నెమ్మదిగా నాడీశోధన (ముక్కు రంధ్రాలు మార్చుకుంటూ చేసే ప్రాణాయామం) చేస్తాను. కాళ్లు పట్టేస్తే లేచి ప్రదక్షిణ చేస్తాను. రెండు జాములకే ఇంటికి వెళ్లి పడుకున్న ఏళ్లూ ఉన్నాయి. షుగర్ మాత్రలు వేసుకునేవారైతే ఉపవాసం సంగతి ముందు డాక్టరును అడగండి.

అలవాటు లేకపోతే మాసశివరాత్రితో మొదలుపెట్టండి. ప్రతి నెలా బహుళ చతుర్దశికి వస్తుంది, ఒక్క జాము కూర్చుంటే చాలు. పూర్తి జాగారం చేసిన మరునాటి ఉదయం మాత్రం బండి నడపకండి. మా ఇల్లు గుడికి నడిచే దూరం కాబట్టి నాకు సరిపోయింది.