స్టోర్ తెరుచుకోవట్లేదా? ముందు గంటెంతైందో చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమందిది ఒకటే గోస. కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకోదు, తెరుచుకున్నా లాగిన్ కానివ్వదు. ప్రింటర్ ప్రశ్నలు పంపినవాళ్లు ఏమనుకోవద్దు, వాటిని వచ్చే సంచికలో చూద్దాం.

ప్రశ్న: అన్నా, మా పాప డిగ్రీ చదువుకని హైదరాబాద్ నుంచి సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కొనుక్కొచ్చాను, విండోస్ 10 ఉంది. స్టోర్ తెరిస్తే కనెక్షన్ చూసుకోమంటుంది, కింద ఏదో పొడుగు కోడ్, దాని చివర 2ఎఫ్8ఎఫ్ అని ఉంది. అదే వైఫై మీద ఫోన్లో వీడియోలు మంచిగ నడుస్తున్నాయి. కేబుల్ నెట్ అతన్ని రెండుసార్లు పిలిపించాను, వైరు మార్చి 300 తీసుకున్నాడు కానీ ఏం ఫాయిదా లేదు. ఫోటో పంపుతున్నాను. (ఒక తండ్రి, మిర్యాలగూడ)

జవాబు: అన్నా, నెట్ అతని తప్పేం లేదు, మీ లైను బాగానే ఉంది. మీరు పంపిన ఫోటోలో కోడ్ కంటే నాకు పనికొచ్చింది కింద కుడి మూల. పెద్దది చేసి చూస్తే అక్కడ తేదీ 01-01-2015 అని ఉంది. మీ కంప్యూటర్ లెక్కలో తెలంగాణ వచ్చి ఇంకా ఏడాది కూడా కాలేదు.

తేదీకి స్టోర్‌కి ఏం సంబంధం అంటారేమో. స్టోర్ గానీ లాగిన్ పేజీ గానీ తెరిచినప్పుడు అవతలి సర్వర్ తాను అసలుదే అని చూపడానికి ఒక సర్టిఫికెట్ ఇస్తుంది, దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుందని ఉంటుంది. ఆర్టీసీ బస్ పాస్ లాంటిదన్నమాట. పాస్ సరైనదే, కానీ కండక్టర్ చేతిలో 2015 క్యాలెండర్ ఉంటే 'నీ పాస్ ఇంకా మొదలే కాలేదు, దిగు' అంటాడు కదా, ఇక్కడ మీ కంప్యూటరే ఆ కండక్టర్. క్రోమ్ అయితే నయం, గడియారం వెనకబడిందని సూటిగా చెప్తుంది. స్టోర్ మాత్రం అసలు మాట దాచి కనెక్షన్ మీదికి తోస్తుంది, అందుకే జనం వైర్లు మార్పించుకుంటున్నారు.

చేయాల్సింది ఇది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో డేట్ అండ్ టైమ్. ముందు తేదీ, టైమ్ చేత్తో సరిచేయండి, ఎందుకంటే తేడా ఏళ్లలో ఉన్నప్పుడు విండోస్ తనంతట తాను దిద్దుకోదు. తర్వాత ఆటోమేటిక్ ఆన్ చేసి సింక్ నౌ నొక్కండి. టైమ్ జోన్ కూడా చూడండి: యూటీసీ+05:30, చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉండాలి. ఆ వరుసలో హైదరాబాద్ ఉండదు, వెతక్కండి.

ఈ టైమ్ జోన్ దగ్గర నేనే ఒకసారి పూటంతా పోగొట్టుకున్నాను. దుకాణానికి ఒక ల్యాప్‌టాప్ వచ్చింది, తేదీ కరెక్ట్, గంట కరెక్ట్, గోడ గడియారంతో నిమిషం తేడా లేదు, అయినా లాగిన్ చేసిన ప్రతిసారీ మళ్లీ మొదటికే వస్తోంది. చివరికి చూస్తే విండోస్ వేసినతను జోన్‌ను అమెరికా పసిఫిక్ మీదే వదిలేసి, టైమ్‌ను మాత్రం మన గంటకు తిప్పి పెట్టాడు. పైకి చూస్తే పదిగంటలే, లోపల లెక్క మాత్రం 13 గంటల 30 నిమిషాలు ముందుకు పోయింది. లాగిన్ చీటీలకు కాలపరిమితి ఉంటుంది కాబట్టి చేతికి రాకముందే అవి గడువు దాటిపోయినట్టు లెక్క! జోన్ మార్చాక అర నిమిషంలో స్టోర్ తెరుచుకుంది, నా మొహం చూసి ల్యాప్‌టాప్ తెచ్చిన పిల్లగాడు నవ్వు ఆపుకున్నాడు.

ఇక అసలు రోగం. కంప్యూటర్ ఆపి ప్లగ్ తీసి, మర్నాడు వేసినప్పుడు మళ్లీ పాత తేదీకే పోతే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టే. కరెంటు లేనప్పుడు లోపలి గడియారాన్ని నడిపేది అదే. వేసినప్పుడల్లా నల్ల స్క్రీన్ వచ్చి 'ఎఫ్1 నొక్కండి' అని అడగడం కూడా దాని గుర్తే. చాలామంది రోజూ దీపం పెట్టినంత నిష్ఠగా ఆ ఎఫ్1 నొక్కుకుంటూ ఏళ్లు గడిపేస్తారు. వాచీ షాపుకెళ్లి సీఆర్ 2032 అని అడగండి, 20 అంటే అడ్డంగా 20 మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు, కాబట్టి 2025 ఇస్తానంటే వద్దనండి, అది పల్చగా ఉంటుంది. ప్లగ్ పీకేసి, పక్క మూత తీసి, క్లిప్పును వేలితో కొద్దిగా పక్కకు నెడితే పాతది పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు మీకు కనపడేలా కొత్తది పెట్టండి. ఆ తర్వాత తేదీ మరొక్కసారి సరిచేయాల్సి వస్తుంది, భయపడకండి.

నల్లగొండలో ఎవర్ని కలవాలన్నా గడియారం సెంటర్‌కు రమ్మంటాం, తీరా వచ్చాక టైమ్ మాత్రం ఫోన్లో చూసుకుంటాం. మీ డెస్క్‌టాప్‌కు ఆ వీలు లేదు, నెట్ తగిలే దాకా దానికి ఆ బిళ్ల గడియారమే దిక్కు.

ప్రశ్న: సర్, సెలవులకు ఇంటికొచ్చాను. హాస్టల్లో బాగా పనిచేసిన ల్యాప్‌టాప్‌లో ఇక్కడ క్రోమ్, ఎడ్జ్, స్టోర్ ఏవీ రావట్లేదు, స్టోర్ కోడ్ చివర 2ఈఎఫ్‌డీ. విచిత్రంగా ఫైర్‌ఫాక్స్ ఒక్కటి నడుస్తోంది. వైరస్సా? (బీటెక్ విద్యార్థి, మహబూబ్‌నగర్)

జవాబు: తమ్ముడూ, ఫైర్‌ఫాక్స్ మాట రాసి మంచి పని చేశావ్, జవాబు అక్కడే ఉంది. ప్రాక్సీ అంటే మనకూ నెట్‌కూ మధ్య నిలబడే సర్వర్. ఫైర్‌ఫాక్స్‌కు సొంత ప్రాక్సీ సెట్టింగ్ ఉంటుంది, మిగతావి విండోస్ ప్రాక్సీని వాడతాయి. నువ్వు కాలేజీ నెట్ కోసం పెట్టిన ప్రాక్సీ అడ్రస్ అలాగే ఉండిపోయింది, పాలమూరులో కూర్చుని కూడా నీ ల్యాప్‌టాప్ ఇంకా ఆ హాస్టల్ గేటు నుంచే బయటికి పోవాలని చూస్తోంది. సెట్టింగ్స్, నెట్‌వర్క్, ప్రాక్సీలోకి వెళ్లి చేత్తో పెట్టినది ఆఫ్ చెయ్. తిరిగి వెళ్లేటప్పుడు మళ్లీ కావాలి కదా, ముందే నంబర్లు ఒక కాగితం మీద రాసుకో.

ప్రాక్సీ లేకుండానే ఇలా అయ్యేవాళ్లకు ఒక చిన్న పరీక్ష చెప్తాను. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి చూడండి. దాని మీద స్టోర్ వస్తే గడబిడ ఇంటి నెట్‌లో ఉంది, రాకపోతే కంప్యూటర్లో ఉంది. కోడ్ చివర 2ఈఈ7 ఉంటే సర్వర్ పేరుకు అడ్రస్ దొరకలేదని అర్థం, అప్పుడు డీఎన్ఎస్‌ను, అంటే పేరుకు అడ్రస్ వెతికిపెట్టే సర్వర్‌ను, 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ చేస్తే చాలాసార్లు కుదురుతుంది. అదీ కాకపోతే విండోస్ బటన్‌తో ఆర్ నొక్కి, డబ్ల్యూ, ఎస్ అక్షరాలు, వాటికి ఆనించి రీసెట్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. నల్ల కిటికీ ఒకటి వచ్చి ఒక్క అక్షరం రాయకుండా నిలబడుతుంది. మూసేయకండి, కాసేపటికి అదే పోయి స్టోర్ తెరుచుకుంటుంది. స్టోర్ దాచుకున్న పాత చెత్త మాత్రమే పోతుంది, మీ యాప్‌లు ఎక్కడికీ పోవు.

ప్రశ్న: విండోస్ 7లో స్టోర్ ఎక్కడుంటుంది? (అచ్చంపేట)

జవాబు: ఉండదు. స్టోర్ 2012లో విండోస్ 8తో వచ్చింది. విండోస్ 7కు మామూలు సపోర్ట్ 2020 జనవరి 14తోనే అయిపోయింది, ఎవరైనా 'స్టోర్ ఎక్కిస్తా' అని పైసలడిగితే ఇవ్వకండి.

ప్రశ్న: స్పీడు పెరుగుతుందని మా తమ్ముడు ఏదో టూల్ నడిపాడు. అప్పట్నుంచి సైన్ ఇన్ నొక్కితే కిటికీ మెరిసి మాయమవుతోంది. (టీచర్, వనపర్తి)

జవాబు: మేడమ్, ఇలాంటి టూల్స్ పనికిరానివనుకుని సర్వీసులను ఆపేస్తుంటాయి. స్టార్ట్‌లో సర్వీసెస్ తెరిచి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ సైన్-ఇన్ అసిస్టెంట్ డిసేబుల్డ్ అని ఉంటే మాన్యువల్‌కు మార్చి, రీస్టార్ట్ చేయండి. విండోస్ అప్‌డేట్‌నూ ఆపేసి ఉంటే దాన్నీ అలాగే మార్చండి, స్టోర్ దాని మీద కూడా ఆధారపడుతుంది.

ప్రశ్న: సార్, నాది చీరల దుకాణం. స్టోర్ లాగిన్ కోడ్ ఎప్పుడో పోయిన నంబర్‌కు పోతోంది. నెట్‌లో కస్టమర్ కేర్ నంబర్ దొరికితే ఫోన్ చేశాను, స్క్రీన్ కనపడే యాప్ వేసుకుని 5 రూపాయలు కట్టమన్నాడు. అనుమానమొచ్చి పెట్టేశాను. (నారాయణపేట)

జవాబు: పెట్టేసి బతికిపోయారు. ఆ 5 రూపాయలు కట్టేటప్పుడు మీరు కొట్టే పిన్ వాడికి కావాలి, అంతే. ఆ యాప్ వేసి ఉంటే తీసేయండి, బ్యాంకు మెసేజ్‌లు చూసుకోండి, ఒక్క రూపాయి పోయినా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఉండదు, కనపడితే అది దొంగదే.

కోడ్ సంగతికొస్తే, లాగిన్ దగ్గరే పాత నంబర్ నా దగ్గర లేదు అనే దారి ఉంటుంది, అందులో కొత్త నంబర్ ఇవ్వండి. పాత వివరాలన్నీ మారుస్తున్నారు కాబట్టి 30 రోజులు ఆగమంటుంది, పైసలిచ్చినా అది తగ్గదు. ఈలోపు స్టోర్‌లో ఉచిత యాప్‌లు చాలావరకు లాగిన్ లేకుండానే దిగుతాయి. లాగిన్ అడిగే కిటికీ వస్తే మూసేసి చూడండి, డౌన్‌లోడ్ దానంతటదే మొదలవుతుంది. కొత్త నంబర్ ఎక్కాక ఇంట్లోవాళ్లది ఇంకో నంబర్ కూడా ఎక్కించుకోండి, దుకాణంలో పనిచేసేవాళ్లది మాత్రం వద్దు.