త్రివేణిలో వేణీదానం: జడ ఎంత ఇవ్వాలి?

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాము. అమ్మానాన్నలకు పెళ్ళయి నలభై ఏళ్ళు నిండుతున్న సందర్భంగా వారిని కాశీకి, ప్రయాగకు తీసుకువెళ్ళాలని అనుకుంటున్నాము. త్రివేణీ సంగమంలో వేణీదానం (భార్య జడను నదికి సమర్పించడం) చేయాలని నాన్నగారి పట్టుదల. జుట్టంతా తీసేస్తారేమోనని అమ్మకు లోపల దిగులు. నాన్నగారితో అనలేక నాతో అన్నది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి. టూరు ఏజెంటు ప్రయాగకు ఒక్క పూట మాత్రమే కేటాయించాడు. సంక్రాంతి సెలవుల్లో వెళ్ళవచ్చా?

జవాబు: ముందుగా మీ అమ్మగారి దిగులు తీర్చండి. వేణీదానంలో జుట్టంతా తీయరు. జడ చివర రెండు అంగుళాల మేర కత్తిరిస్తారు, అంతే. ప్రయాగలో ముండనం, కాశీలో దండం, గయలో పిండం అనే నానుడి మన ఇళ్ళలో అందరి నోటా వినిపిస్తుంది కనుక, అందులోని ముండనం తనకూ వర్తిస్తుందేమోనని ఆమె భయపడి ఉంటారు. సుమంగళికి అది లేదు. సంకల్పం అయిన తరువాత భార్య భర్త అనుమతి అడిగి కూర్చుంటుంది; ఆయన ఆమె జుట్టు దువ్వి, జడ అల్లి, పూలు ముడిచి, ఆ జడ కొసను కత్తిరిస్తాడు. దానిని పసుపు కుంకుమలతో నీటిలో విడుస్తారు. మామూలుగా నీటిపై తేలే వెంట్రుకలు త్రివేణిలో మునిగిపోతాయని పెద్దల నమ్మకం. నా విషయానికి వస్తే, నలభై ఏళ్ళలో ఏనాడూ దువ్వెన పట్టని నేను మూడు పాయలు అల్లలేక తడబడుతుంటే, మా ఆవిడ నవ్వు ఆపుకోలేక పురోహితుల వైపు తిరిగి కూర్చుంది. మీ నాన్నగారిని ఇంటి దగ్గరే ఒకసారి జడ అల్లి చూసుకోమనండి.

సంక్రాంతి మాత్రం వద్దు. మకర సంక్రాంతి, పుష్య పౌర్ణమిలలో ఏది ముందు వస్తే ఆ రోజు నుంచి మహాశివరాత్రి వరకు అక్కడ ఏటా మాఘమేళా సాగుతుంది. మకర సంక్రాంతి, మౌని అమావాస్య, వసంత పంచమి వంటి స్నానపర్వాలలో వాహనాలను చాలా దూరంలోనే ఆపేస్తారు; ఇసుకలో కిలోమీటర్ల కొద్దీ నడవడం మోకాళ్ళ నొప్పి ఉన్నవారి వల్ల అయ్యే పని కాదు. చలి సంగతి సరేసరి. వానాకాలంలో గంగ పొంగితే పడవలు ఆపేస్తారు. అందుచేత కార్తీక మాసం ముగిసే రోజులు, అంటే నవంబరు చివర, మీకు అనుకూలం.

ఒక్క పూట ఏర్పాటును నేను ఒప్పుకోను. కాశీ నుంచి ప్రయాగకు సుమారు 125 కిలోమీటర్లు. వచ్చీపోయే ప్రయాణానికే పగలంతా గడిచిపోతే, పురోహితుడు తొందరపెట్టే సంకల్పమూ పడవవాడు తొందరపెట్టే స్నానమూ మాత్రమే మిగులుతాయి. రెండు రాత్రులు అక్కడే బస చేయండి. బెంగళూరు నుంచి సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్ నేరుగా వెళుతుంది, కానీ అది ఆగేది ఊళ్ళోని పెద్ద స్టేషనులో కాదు, యమునకు ఇవతల ఉన్న ప్రయాగ్‌రాజ్ ఛివకీలో. ఆ సంగతి తెలియక ఇబ్బంది పడేవారు చాలామంది.

స్నానం ఒడ్డున కాదు, నది నడుమ. సంగమం దగ్గరున్న అక్బరు కోట వద్ద పడవ ఎక్కితే గంగా యమునలు కలిసే చోటికి తీసుకువెళతారు. అక్కడ పడవలను వరుసగా కట్టి, వాటి మధ్య చెక్క బల్లలు దించి ఉంచుతారు. ఆ బల్లల మీద నిలబడి, తాడు పట్టుకుని మునగాలి. ఎదురుగా బూడిద రంగులో గంగ, పక్కనే పచ్చగా యమున, రెండింటికీ నడుమ నీటి మీద గీత గీసినట్లు కనిపించే హద్దు: అది చూడడానికైనా పడవను కాసేపు ఆపించండి. అమ్మగారు బల్ల మీద కూర్చుని చెంబుతో తలపై పోసుకున్నా స్నానమే. పడవ బాడుగ రానూపోనూ ఎంతో, బల్ల మీద స్నానానికి వేరే ఇవ్వాలో లేదో ఎక్కకముందే తేల్చుకోండి. మమ్మల్ని తీసుకువెళ్ళినవాడు నది మధ్యకు చేరాక లెక్క మార్చాడు. తడి బట్టలతో బేరమాడడం ఎవరికి చేతనవుతుంది? తెలుగు మాట్లాడే పురోహితులు దారాగంజ్ ప్రాంతంలో ఉన్నారు. ముందుగా ఫోను చేసి రోజు ఖాయం చేసుకుంటే మంచిది.

మిగిలిన సమయంలో అలోపీబాగ్‌లోని అలోపీదేవి గుడికి తప్పక వెళ్ళండి. అష్టాదశ శక్తిపీఠాలలోని మాధవేశ్వరిగా మనవారు కొలిచే ఆ గుడిలో విగ్రహం లేదు; వేదిక పైన వేలాడే ఒక ఊయలకే పూజ జరుగుతుంది. కోట పక్కన శయనించి ఉన్న హనుమంతుణ్ణి, కోట లోపల అక్షయవటాన్ని, అంటే ఎన్నటికీ నశించదని నమ్మే మర్రిచెట్టును, చూడవచ్చు. ఆ వృక్ష దర్శనానికి 2019 జనవరి నుంచి సామాన్య యాత్రికులను కూడా అనుమతిస్తున్నారు. సంగమానికి దగ్గరలోనే కంచి కామకోటి పీఠం వారి శంకర విమాన మండపం దక్షిణాది గోపురంలా పైకి లేచి కనిపిస్తుంది. మెట్లు ఎక్కువ కనుక అమ్మగారు కిందనే ఆగవచ్చు.

ప్రశ్న: అంత దూరం వెళ్ళలేని మా వంటి వృద్ధులకు బెంగళూరుకు దగ్గరలో సంగమ క్షేత్రం ఏదైనా ఉన్నదా? (జయనగర్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మైసూరు జిల్లాలోని తిరుమకూడలు నరసీపురం ఉన్నది. బెంగళూరు నుంచి సుమారు 130 కిలోమీటర్లు. పొద్దున్నే కారులో బయలుదేరితే రాత్రికి ఇల్లు చేరవచ్చు. కావేరి, కపిల అని పిలిచే కబిని ఇక్కడ కలుస్తాయి. కంటికి కనబడని స్ఫటిక సరోవరాన్ని మూడవదిగా చెబుతారు. ఒక గట్టున అగస్త్యేశ్వరుడు, మరొక గట్టున గుంజా నరసింహస్వామి. గుంజ అంటే మన గురివింద గింజే. కాశీతో తూచితే ఈ క్షేత్రం గురివింద గింజంత ఎక్కువ తూగుతుందని స్థలపురాణం. కాశీ వెళ్ళివచ్చినవారు దీనికి ఒప్పుకోరనుకోండి. 1989 నుంచి ఇక్కడ కూడా కుంభమేళా జరుపుతున్నారు. 2025లో అది ఫిబ్రవరిలో జరిగింది. తిరుగుదారిలో సోమనాథపురంలోని హొయసల కేశవాలయం చూడవచ్చు. వానాకాలంలో పై ఆనకట్టల నుంచి నీరు వదిలినప్పుడు స్నానఘట్టాలు మునుగుతాయి కనుక, ఆ నెలల్లో వెళ్ళేటట్లయితే ముందు విచారించుకుని బయలుదేరండి.